పోయిన రేడియోధార్మిక గేజ్‌లు: ప్లాంటులో ఎవరు చూసుకోవాలి, పైనుంచి ఎవరు చూడాలి?

హాపర్ మెకానిక్ (నల్గొండ):
ఇక్కడ సిమెంటు, స్టీలు, పేపరు, పవర్ ప్లాంట్ల వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈ టాపిక్ మొదలుపెడుతున్నాను. హాపర్ల మీద (సరుకు నిల్వచేసే పెద్ద తొట్లు, బంకర్లు అన్నా అవే), స్లర్రీ అంటే ముద్దలాంటి ద్రవం పారే పైపుల మీద బిగించే రేడియోధార్మిక గేజ్ కనబడకుండా పోతే బాధ్యత ఎవరిది?

వీటిని చూడనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. బంకర్‌కి ఒక పక్కన సీసం నింపిన డబ్బా ఉంటుంది. దాని లోపల చిటికెన వేలి గోరంత సీజియం-137 క్యాప్సూల్, అవతలి పక్కన డిటెక్టర్. మధ్యలో బొగ్గో బూడిదో క్లింకరో నిండితే డిటెక్టర్‌కి చేరే గామా కిరణాలు తగ్గుతాయి. దాన్నిబట్టి లోపల సరుకు ఎంతవరకు ఉందో కంట్రోల్ రూమ్‌లో తెలుస్తుంది. బాగా వేడిలోనూ, దుమ్ములోనూ పనిచేస్తుంది, సరుకును తాకే పనే లేదు. డబ్బాకి షట్టర్ లివరు ఉంటుంది. అది మూసి తాళం వేశాక పక్కన పనిచేసుకోవచ్చు. షట్టర్ మూసుకోకపోయినా, డబ్బా పగిలి క్యాప్సూల్ బయటపడినా ప్రమాదం.

సీజియం సగానికి తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది. ఈలోపు మేనేజర్లు బదిలీ అవుతారు, ప్రతి షట్‌డౌన్‌కీ కొత్త కాంట్రాక్టర్ వస్తాడు, కంపెనీయే అమ్ముడుపోవచ్చు. డబ్బా మాత్రం అక్కడే ఉంటుంది. కొనేటప్పుడు సవాలక్ష కాగితాలు అడుగుతారు గానీ, వాడకం అయిపోయాక అంత గట్టిగా ఎవరూ పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం. మీరేమంటారు?

పెర్త్ తెలుగు:
2023 జనవరిలో ఇక్కడ పశ్చిమ ఆస్ట్రేలియాలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. వార్తల్లో వచ్చింది క్యాప్సూల్ వెతుకులాట గురించే. అంతకుముందు జరిగింది చూడాలి.

రియో టింటో వాళ్ల గుడై-డారి ఇనుప ఖనిజం గనిలో సరుకు చిక్కదనం కొలవడానికి వాడిన డెన్సిటీ గేజ్‌ని పెర్త్‌కి పంపారు. దాదాపు 1400 కిలోమీటర్ల దారి. జనవరి 12న బయల్దేరింది, 16న చేరింది. పెట్టె తెరిచింది మాత్రం 25న. తెరిచి చూస్తే గేజ్ విడిపోయి ఉంది. నాలుగు బిగింపు బోల్టుల్లో ఒకటి లేదు, స్క్రూలు లేవు, క్యాప్సూల్ లేదు. 8 మిల్లీమీటర్ల పొడవు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క అది. లారీ కుదుపులకు బోల్టు ఊడి, ఆ కన్నంలోంచే క్యాప్సూల్ జారి రోడ్డు మీద పడి ఉంటుందని అధికారులు అనుకున్నారు.

ఫిబ్రవరి 1న దొరికింది. డిటెక్టర్లు బిగించిన బండి గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతూ న్యూమన్ ఊరికి దక్షిణాన, గ్రేట్ నార్తర్న్ హైవే అంచు నుంచి రెండు మీటర్ల దూరంలో పసిగట్టింది. వెతికినవాళ్లకు నిజంగా దండం పెట్టాలి.

కానీ 16 నుంచి 25 దాకా ఆ పెట్టె తెరవకుండా పడి ఉందంటే, అన్ని రోజులూ ఆ ముక్క ఎవరికీ తెలియకుండా రోడ్డు పక్కన ఉన్నట్టే కదా! సరుకు చేరిన గంటలో పెట్టె బయట సర్వే మీటర్ (రేడియేషన్ కొలిచే పరికరం) పెట్టి, బయల్దేరినప్పటి రీడింగుతో పోల్చి ఉంటే అదే రోజు తెలిసిపోయేది. ఇంకొక విషయం, అప్పటి చట్టం 1975 నాటిది. గరిష్ఠ జరిమానా 1000 ఆస్ట్రేలియన్ డాలర్లు, తప్పు కొనసాగితే రోజుకు మరో 50. అంత పెద్ద గని కంపెనీకి!

కొత్త బి.టెక్:
సార్, ఆ క్యాప్సూల్ రేడియోధార్మికత 19 గిగాబెక్వెరెల్స్ అని చదివాను. అంటే ఎంత ప్రమాదం? చేత్తో పట్టుకుంటే ఏమవుతుంది?

సేఫ్టీ ఆఫీసర్ (విశాఖ):
తమ్ముడూ, 19 గిగాబెక్వెరెల్స్ అంటే పాత లెక్కలో సుమారు అర క్యూరీ. ఏ అడ్డూ లేకుండా దానికి ఒక మీటరు దూరంలో నిలబడితే గంటకు ఒకటిన్నర మిల్లీసీవర్ట్ (ఒంటికి పడే రేడియేషన్ డోసుకు కొలమానం) దాకా పడుతుంది. సాధారణ పౌరుడికి ఏడాది మొత్తానికి పరిమితి 1 మిల్లీసీవర్ట్. మాలాంటి రేడియేషన్ పనివాళ్లకు ఐదేళ్ల సగటు మీద ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. అంటే ఆ ముక్క పక్కన ముప్పావుగంట కూర్చుంటే సాధారణ పౌరుడి ఏడాది కోటా అయిపోతుంది.

అది మీటరు దూరంలో ఉన్నప్పటి మాట. దూరం సగమైతే డోసు నాలుగింతలు. జేబులో వేసుకుంటే చర్మానికీ దానికీ మధ్య ఉండేది సెంటీమీటరే, అంటే డోసు వేల రెట్లు పెరుగుతుంది. చర్మం కాలిపోయి పుండు పడుతుంది. అది మామూలు కాలిన గాయంలా మానదు, లోపలికి తినేస్తుంది. ఎప్పుడైనా అనుమానం వస్తే ముట్టుకోవద్దు, కాలితో తన్నొద్దు, ఫొటో కోసం దగ్గరికి పోవద్దు. దూరం జరిగి, జనాన్ని ఆపి, ఫోన్ చెయ్యి.

హాపర్ మెకానిక్ గారు అన్నదానికి వస్తాను. మన దగ్గర వ్యవస్థే లేదనుకోవడం సరికాదు. అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) 1983 నుంచి ఉంది. 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాలు ఉన్నాయి. గేజ్ కొనాలంటే ముందే మండలి అనుమతి కావాలి. ప్లాంటులో శిక్షణ పొందిన రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఉండాలి. దిగుమతి చేసుకునే సోర్స్ (లోపలి రేడియోధార్మిక క్యాప్సూల్) అయితే, పని అయిపోయాక తయారీదారుకే తిప్పి పంపుతామని ముందే రాసివ్వాలి. ఇదంతా ఇప్పుడు మండలి ఆన్‌లైన్ లైసెన్సింగ్ వ్యవస్థ ఈ-లోరా పోర్టల్‌లో నడుస్తోంది. ఏ ప్లాంటులో ఏ సోర్స్ ఉందో అందులో కనబడుతుంది.

అయితే పోర్టల్‌లో కనబడేది మనం నింపినదే. ఆ సీరియల్ నంబరు ఉన్న డబ్బా నిజంగా మూడో హాపర్ దగ్గరే ఉందా అన్నది నిచ్చెన ఎక్కి చూసినవాడికే తెలుస్తుంది. నేను ప్లేటు మీద సిమెంటు పొర గోకి నంబరు చదివిన సందర్భాలున్నాయి. ఎక్కడానికి బద్ధకించి పాత రిపోర్టునే కాపీ చేస్తే అడిగే నాథుడు లేడు.

తుక్కు బజారు:
మాది మూడు తరాలుగా పాత ఇనుము వ్యాపారం. మీరు ప్లాంటు లోపలి సంగతి మాట్లాడుతున్నారు, నేను గేటు బయట సంగతి చెబుతాను.

గేజ్ డబ్బా మా దగ్గరికి వస్తే మాకు కనబడేది బరువు. చిన్నదే అయినా చేతికి బరువుగా తగులుతుంది, అంటే లోపల సీసం ఉందన్నమాట. సీసానికి ఇనుము కంటే మంచి రేటు. కాబట్టి కుర్రాళ్లు మొదట చేసే పని గ్యాస్ కట్టర్‌తో దాన్ని తెరవడమే. పైన రంగు పోయి, మసి పట్టి ఉంటుంది. రేడియేషన్ హెచ్చరికగా వేసే మూడు రెక్కల గుర్తు మిగిలి ఉన్నా మా పనివాళ్లలో చాలామందికి అది ఫ్యాన్ బొమ్మలా కనబడుతుంది. పుర్రె, పరుగెత్తే మనిషి ఉన్న ఎర్ర గుర్తును 2007లో అంతర్జాతీయంగా తెచ్చారు. అది చూస్తే చదువు రానివాడైనా ఆగుతాడు. ప్రతి డబ్బా మీదా అది చెక్కి ఉండాలని నా కోరిక, స్టిక్కర్ కాదు.

ఢిల్లీ మాయాపురి సంగతి మా వ్యాపారంలో అందరికీ తెలుసు. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగం ఎప్పటినుంచో వాడని, పరిశోధనకు వస్తువుల మీద గామా కిరణాలు పడేలా చేసే గామా ఇర్రేడియేటర్‌ని వేలంలో అమ్మేసింది. లోపల కోబాల్ట్-60. తుక్కు కొట్టులో దాన్ని విప్పారు. ఏప్రిల్‌లో మనుషులు ఆసుపత్రుల్లో చేరారు, ఒకతను చనిపోయాడు. అది గేజ్ కాదు నిజమే, కానీ దారి ఒకటే. వాడటం మానేశారు, తెలిసినవాళ్లు రిటైరయ్యారు, ఎవరో స్థలం ఖాళీ చేయమన్నారు, వేలం వేశారు. చనిపోయినవాడికి ఆ వేలంతో ఏ సంబంధమూ లేదు. తుక్కు కొట్టులో పనిచేసేవాడంతే.

రాజమండ్రి వాసి:
మన జిల్లాల్లోనూ జరిగింది. 2019 జనవరిలో ఓఎన్‌జీసీ బావుల లోపలి పొరలను కొలిచే లాగింగ్‌కి వాడే సీజియం-137 సోర్స్ ఉన్న కంటెయినర్ కనబడకుండా పోయింది. చివరికి కలిదిండిలో తుక్కు దుకాణంలో దొరికింది. అప్పట్లో అది కృష్ణా జిల్లా. దొరికిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం, మర్చిపోయాం.

బాయిలర్ అన్న (రామగుండం):
అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం వస్తాను, ఏమీ అనుకోవద్దు.

దేశంలో ఇన్ని గేజ్‌లు ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా పనిచేస్తున్నాయి. బాగా బిగించి, ఏడాదికోసారి లీక్ టెస్టు, షట్టర్ టెస్టు చేసే ప్లాంటులో అది అక్కడి కన్వేయర్ బెల్టు కంటే సురక్షితం. బెల్టులో చెయ్యి పోయినవాళ్లను నేను చూశాను, గేజ్ వల్ల జబ్బు పడినవాణ్ని చూడలేదు. ప్రతి సంఘటనకీ ఇంకొక ఫారం పెంచుకుంటూ పోతే ఆ ఫారాలు నింపే పనిలో పడి నిచ్చెన ఎక్కడం మానేస్తారు. పైగా చట్టం ప్రకారం మొదటి బాధ్యత లైసెన్సు తీసుకున్న యజమానిది. మండలి వాళ్లు ప్రతి హాపర్ దగ్గరా కాపలా కూర్చోలేరు.

నన్నడిగితే అసలు పరిష్కారం రేడియో తరంగాలతో సరుకు మట్టం కొలిచే రాడార్ లెవెల్ ట్రాన్స్‌మిటర్లు. సాధ్యమైన ప్రతిచోటా సోర్స్ తీసేసి రాడార్ పెట్టాలి. లేని వస్తువు పోదు కదా.

హాపర్ మెకానిక్:
అన్నా, రాడార్ మాట ఒప్పుకుంటాను, మా దగ్గర రెండు చోట్ల పెట్టాం. సిమెంటు ముడిపొడిని వేడిచేసే ప్రీహీటర్ సైక్లోన్ కింద, లోపల పొర పేరుకునే చోట మాత్రం అది నిలవలేదు, మళ్లీ గామా గేజే దిక్కయింది. ఇంకొక సంగతి, రాడార్ పెట్టాక తీసేసిన పాత గేజ్ ఎక్కడికి వెళ్తుంది? స్టోర్ రూమ్‌కి. నేను భయపడుతున్నది ఆ స్టోర్ రూమ్ గురించే. హాపర్ మీద ఉన్నంతకాలం పోతే కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతుంది. స్టోర్‌లో పోతే మోగేది ఏముంది?

లా స్టూడెంట్ (హైదరాబాద్):
పెర్త్ తెలుగు గారు 1000 డాలర్ల జరిమానా గురించి రాశారు. మన సంగతి చూడండి. 2012లో కాగ్ మన నియంత్రణ మండలి పనితీరు మీద ఇచ్చిన ఆడిట్ నివేదికలో, నియమాలు ఉల్లంఘిస్తే పడే గరిష్ఠ జరిమానా అప్పట్లో 500 రూపాయలని, అంత తక్కువైతే ఎవరూ భయపడరని రాసింది. కేంద్ర మోటారు వాహనాల చట్టం ప్రకారం హెల్మెట్ లేకుండా బండి నడిపితే ఇంతకంటే ఎక్కువ.

బాయిలర్ అన్న గారూ, మొదటి బాధ్యత యజమానిదే అన్నారు, ఒప్పుకుంటాను. అయితే ఆ యజమాని దివాలా తీస్తే? ప్లాంటు బ్యాంకు చేతికి వస్తుంది, తర్వాత వేలంలో ఎవరో కొంటారు. ఆస్తుల జాబితాలో 'ఇన్‌స్ట్రుమెంట్లు, పాతవి, ఒక లాట్' అని ఉంటుంది. అందులో సీజియం ఉందని, దివాలా ఆస్తులు అమ్మే లిక్విడేటర్‌కి ఎవరు చెబుతారు? లైసెన్సు ఉన్న మనిషి జీతం రాక ఆరు నెలల కిందే వెళ్లిపోయి ఉంటాడు. నియంత్రణ సంస్థ యజమాని మీద ఆధారపడకుండా నేరుగా అడుగుపెట్టాల్సింది ఇలాంటప్పుడే.

మాజీ పేపర్ మిల్లు:
లా స్టూడెంట్ చెప్పింది అక్షరాలా నిజం. నేను పనిచేసిన మిల్లు పేరు చెప్పను. మూతపడ్డాక సెక్యూరిటీ వాళ్లు నలుగురు మిగిలారు. రాత్రిళ్లు గోడ దూకి రాగి తీగ ఎత్తుకెళ్లేవారు. కాగితం మందం కొలిచే గేజ్‌లు, పల్ప్ లైను మీద డెన్సిటీ గేజ్ లోపలే ఉన్నాయి. మందం గేజ్‌ల్లో ఉండేవి బలహీనమైన సోర్స్‌లు, డెన్సిటీ గేజ్‌లో మాత్రం సీజియం. నేనూ ఇంకొక సీనియరూ కలిసి యాజమాన్యానికి ఉత్తరం రాశాం, జవాబు లేదు. చివరికి సప్లయర్ కంపెనీ పాత ఇంజనీరును పట్టుకుని, ఆయన ద్వారా కాగితాలు కదిలించి తీయించాం. ఆ సీనియర్ చొరవ లేకపోతే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్ వస్తుంది. ఇంత పెద్ద విషయం ఒక రిటైర్డ్ మనిషి మంచితనం మీద నడవకూడదు.

హ్యూస్టన్ గోదారి:
అమెరికాలో కూడా పోతూనే ఉంటాయి, ముఖ్యంగా రోడ్డు పనుల్లో మట్టి గట్టిదనం చూసే పోర్టబుల్ గేజ్‌లు. పికప్ ట్రక్కు వెనక గొలుసుతో కట్టి హోటల్ ముందు పార్కు చేస్తారు, పొద్దున లేచేసరికి గొలుసు తెగి ఉంటుంది. దొంగకు కావాల్సింది ఖరీదైన పెట్టె, లోపల ఏముందో వాడికి తెలియదు. అందుకే 2005 నుంచి ఇక్కడి అణు నియంత్రణ సంస్థ ఎన్ఆర్‌సీ ఒక నియమం పెట్టింది. మనిషి దగ్గర లేనప్పుడు పోర్టబుల్ గేజ్‌కి కనీసం రెండు వేర్వేరు అడ్డంకులు ఉండాలి. ఒక తాళం తెగితే రెండోది ఆపాలి.

ఫిక్స్‌డ్ గేజ్‌లది ఇంకో కథ. చాలావాటికి ఇక్కడ జనరల్ లైసెన్సు ఉండేది, అంటే కొన్నవాడు విడిగా దరఖాస్తు పెట్టనక్కర్లేదు. దాంతో చాలా కంపెనీలకు తమ దగ్గర రేడియోధార్మిక వస్తువు ఉందన్న సంగతే గుర్తులేకుండా పోయింది. 2001 నుంచి ఒక పరిమితి దాటిన వాటిని, సీజియం-137 అయితే 10 మిల్లీక్యూరీలు ఆ పైన, ఏటా రిజిస్టర్ చేయించాలని పెట్టారు. ఏటా ఒక మనిషి పేరు రాసి, లెక్క చూశానని సంతకం పెట్టాలి.

నాకు బాగా నచ్చింది మాత్రం వేరే. గేజ్ పోయినా, షట్టర్ ఇరుక్కుపోయినా ఎన్ఆర్‌సీకి వచ్చిన రిపోర్టును వాళ్ల సైట్‌లో పెట్టేస్తారు. ఎవరైనా చదవొచ్చు. ఇంకొక ప్లాంటు వాడు అది చూసి తన షట్టర్ చూసుకుంటాడు. మన దగ్గర కూడా ప్రతి సంఘటనా అలా వెంటనే అందరికీ కనబడాలి. సంఖ్య ఎక్కువ కనబడితే పరువు పోతుందనుకోవడం పొరపాటు, చెప్పే అలవాటు ఉన్న చోటే సంఖ్య ఎక్కువ కనబడుతుంది.

భీమవరం రొయ్య:
నేను ప్లాంటు మనిషిని కాదు, చెరువులు చేస్తాను. ఈ టాపిక్ నాకెందుకంటే, 2025 ఆగస్టులో ఇండోనేషియా నుంచి అమెరికా వెళ్లిన రొయ్యల్లో సీజియం-137 ఆనవాళ్లు కనబడ్డాయి. మోతాదు చాలా తక్కువే, అయినా స్టోర్ల నుంచి సరుకు వెనక్కి తీయించారు. జకార్తా దగ్గర చికాండే పారిశ్రామికవాడలో తుక్కు కరిగించే కార్ఖానా ఉంది, అక్కడి నుంచి వచ్చిన కాలుష్యమని అక్కడి ప్రభుత్వం తేల్చింది. అంటే ఎవరో ఎక్కడో తుక్కులో కలిపేసిన సోర్స్ వల్ల రొయ్య అమ్ముకునేవాడి బతుకు రోడ్డున పడింది. మా ఎగుమతుల్లో పెద్ద వాటా ఆ అమెరికా మార్కెట్ మీదే ఆధారపడి ఉంది. మన తుక్కు కొలుముల దగ్గర ఇలాంటిది జరగకుండా ఎవరు చూస్తున్నారో చెప్పండి.

సేఫ్టీ ఆఫీసర్ (విశాఖ):
మంచి ప్రశ్న వేశారు. పెద్ద ఉక్కు కర్మాగారాల గేట్ల దగ్గర, పోర్టుల్లో లారీ మొత్తాన్ని స్కాన్ చేసే డిటెక్టర్ స్తంభాలు ఉంటాయి. తుక్కు కరిగించే చిన్న ఇండక్షన్ ఫర్నేసుల (కరెంటు కొలుముల) దగ్గర అంత నిఘా ఉండదు. అయితే డిటెక్టర్ ఉన్నా పూర్తి భరోసా లేదు. 1998లో స్పెయిన్‌లో అసెరినాక్స్ ఉక్కు కర్మాగారంలో సీజియం సోర్స్ తుక్కుతో పాటు గేటు దాటి ఫర్నేసులో కరిగింది. తర్వాత గాలిలో సీజియం పెరిగిందని ఇతర యూరప్ దేశాల్లో గమనించాకే అందరికీ తెలిసింది. సీసం డబ్బా గట్టిగా మూసి ఉంటే, చుట్టూ ఇనుము ఉంటే గేటు డిటెక్టర్‌కి చిక్కకపోవచ్చు. అందుకే ఫర్నేసు ధూళిని కూడా కొలవాలి. సీజియం ఆవిరై ధూళిలోకే పోతుంది, కోబాల్ట్ అయితే ఉక్కులోనే ఉండిపోతుంది.

2023 మార్చిలో థాయ్‌లాండ్ ప్రాచిన్‌బురిలో అదే జరిగింది. పవర్ ప్లాంటులో బూడిద సైలో మీది గేజ్, 25 కిలోల సిలిండర్, పోయింది. కొన్ని రోజుల తర్వాత దగ్గర్లోని లోహాలు కరిగించే కార్ఖానా ధూళిలో సీజియం బయటపడింది. కోబాల్ట్‌కి ఉదాహరణ మన దేశానిదే. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు బటన్లలో కోబాల్ట్-60 దొరికింది, ఆ ఉక్కు ఇక్కడి నుంచి వెళ్లింది. బటన్లు అమర్చిన కార్మికుల్లో కొందరికి అనవసరంగా డోసు పడింది.

అన్నిటికన్నా ఘోరం క్రమాతోర్స్క్. సోవియట్ కాలం, ఉక్రెయిన్. 1970ల చివర్లో కంకర క్వారీలో గేజ్‌లోని సీజియం క్యాప్సూల్ పోయింది. వెతికారు, దొరకలేదు, వదిలేశారు. ఆ కంకరతో కట్టిన అపార్టుమెంటు గోడలో క్యాప్సూల్ ఉండిపోయింది. 1980లో జనం దిగారు. పిల్లల మంచం ఆ గోడకు ఆనుకుని ఉంది. ఒక కుటుంబంలో లుకేమియా మరణాలు, తర్వాత వచ్చిన కుటుంబంలోనూ. వంశపారంపర్యమేమో అన్నారు డాక్టర్లు. 1989లో ఒక తండ్రి పట్టు వదలకుండా కొలిపించాకే బయటపడింది. పోయిన గేజ్‌ని 'దొరకలేదు' అని ఫైలు మూసేసే ప్రతి అధికారీ ఇది చదవాలి.

బాయిలర్ అన్న (రామగుండం):
క్రమాతోర్స్క్ సంగతి నాకు తెలియదు. పెద్ద విషయం. సరే, ఫారాలు పెంచొద్దనే మాట మీదే ఉన్నాను, కానీ వాడకం ఆపిన సోర్స్‌కి గడువు పెట్టాలని మాత్రం నేనూ అంటాను. స్టోర్‌లో పెట్టాక ఇంత కాలంలోగా తిప్పి పంపకపోతే కొత్త సోర్స్‌కి అనుమతి ఇవ్వొద్దు. మేనేజ్‌మెంట్‌కి అర్థమయ్యే భాష అదొక్కటే.

లా స్టూడెంట్ (హైదరాబాద్):
కొనేటప్పుడే తిప్పి పంపే ఖర్చు డిపాజిట్‌గా కట్టించాలని నా వాదన. అప్పుడు కంపెనీ మునిగిపోయినా డబ్బు ఉంటుంది. మాజీ పేపర్ మిల్లు గారు చెప్పిన పరిస్థితి రాదు.

సేఫ్టీ ఆఫీసర్ (విశాఖ):
డిపాజిట్ మంచిదే గానీ, చిన్న యూనిట్లు దానికి భయపడి సెకండ్ హ్యాండ్ గేజ్‌లు చాటుమాటుగా కొనకుండా చూడాలి. నేనైతే ముందు వేలాన్నే ఆపుతాను. ప్లాంటు మూతపడుతోందన్నా, చేతులు మారుతోందన్నా, ఆ ప్లాంటు పేరు మీద సోర్స్‌లు ఉంటే మండలి నుంచి 'ఇక్కడ ఏమీ లేవు' అన్న కాగితం వచ్చేదాకా ఒక్క లారీ కూడా గేటు దాటకూడదు. బ్యాంకులు నో డ్యూస్ సర్టిఫికెట్ అడుగుతాయి కదా, అలాగే ఇదీ అడగాలి.

హాపర్ మెకానిక్:
మాకు వచ్చే నెల షట్‌డౌన్ ఉంది, కొత్త కాంట్రాక్టర్. పై నియమాలు మారేదాకా ఆగకుండా ఇప్పుడే మా చేతిలో ఉన్నది ఏం చేయొచ్చు సార్? వర్క్ పర్మిట్‌లో పెట్టించే ప్రయత్నం చేస్తాను.

సేఫ్టీ ఆఫీసర్ (విశాఖ):
చేయండి. హాపర్, బంకర్, పైపు ఏది కోయాలన్నా పర్మిట్‌లో 'దీని మీద గేజ్ ఉందా' అని ఒక గడి పెట్టించండి. ఉంటే షట్టర్ మూసి, తాళం వేసి, సర్వే మీటర్‌తో కొలిచి, రీడింగు అదే కాగితం మీద రాశాకే సంతకం. తాళం చెవి కాంట్రాక్టర్‌కి ఇవ్వొద్దు. షట్టర్ మూసినట్టు లివరు చూపించినా నమ్మొద్దు, తుప్పు పట్టి లోపల ఇరుక్కుంటుంది. మీటర్ చెప్పిందే నిజం. దింపిన గేజ్‌ని స్టోర్‌లో పెట్టేటప్పుడు సీరియల్ నంబరు ప్లేటుకు ఫొటో తీసి తేదీతో రిజిస్టర్‌లో అంటించండి. షట్‌డౌన్ ఆఖరి రోజు తుక్కు లారీ గేటు దాటకముందు ఒకసారి మీటర్ పట్టుకుని దాని చుట్టూ తిరగండి. మీటర్ కాలిబ్రేషన్ (సరిగ్గా చూపిస్తోందో లేదో చేసే పరీక్ష) తేదీ దాటిందేమో ఇవాళే చూసుకోండి, చాలా ప్లాంట్లలో సమస్య అక్కడే మొదలవుతుంది.

తుక్కు బజారు:
లారీ చుట్టూ తిరిగేటప్పుడు కింది నుంచి కూడా చూడండి సార్. బరువైనవి మా కుర్రాళ్లు ఎప్పుడూ అడుగునే వేస్తారు.